కొత్తగా కట్టిన పాత ఇల్లు

నాలుగు వందల ఏళ్ళ నాటి ఇంటిని రెండేళ్ళలో కట్టాలన్నారు. ఆ మాట విన్నప్పుడు మీటింగు గదిలో ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది కానీ ఎదురుగా ప్రాజెక్ట్ మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఆయనది మా పక్క జిల్లానే. తెలుగువాడి ముందు నవ్వితే ఆ నవ్వు సాయంత్రానికి దోహా అంతా తిరిగి రెండింతలై మన ఇంటికే వస్తుంది. అందుకని నవ్వు మింగేసి బుద్ధిగా తలూపాను.

సంగతేమిటంటే, ఇక్కడ డబ్బున్న కుటుంబాలు ఎండాకాలం వస్తే చల్లటి దేశాలకు వెళ్ళిపోతాయి. మా ఆసామి, అంటే సైటులో అందరూ అర్బాబ్ అని పిలిచే యజమాని, ఒక వేసవిలో స్కాట్లండ్ వెళ్ళి, హోటలుగా మార్చిన ఒక పాత జమీందారీ భవంతిలో దిగాడట. ఇల్లు నచ్చింది. మనకు చీర నచ్చితే బేరం చేసినట్టు ఆయన ఇంటిని బేరం చేశాడు. వాళ్ళు అమ్మమన్నారు. సరే, అయితే అలాంటిదే దోహా బయట ఉమ్ సలాల్‌లో నా తోటలో కట్టండి అన్నాడు, ఖర్జూరపు చెట్లకీ మేకల దొడ్డికీ మధ్యన. అలాంటిదే అంటే అచ్చం అలాంటిదే. కొలతలతో సహా నక్షలు తెప్పించి మా ఆఫీసు బల్ల మీద పడేశారు.

నేను ఆర్కిటెక్టుని. విజయవాడలో చదివి, హైదరాబాదులో కొన్నేళ్ళు అగ్గిపెట్టెల్లాంటి అపార్టుమెంట్లు గీసి, మా ఆయనకి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చి అబూ హమూర్‌లో కాపురం పెట్టినదాన్ని. ఈ కంపెనీలో చేరాక నేను గీసినవాటి కింద నా పేరు ఎప్పుడూ పడలేదు. సంతకం పెట్టడానికి వేరే మనుషులుంటారు. అలా ఆ స్కాట్లండ్ ఇల్లు కూడా నా నెత్తిన పడింది.

గీయడం మొదలుపెట్టాక ఆ ఇంటి మీద ఇష్టం కలిగిన మాట నిజం. అది ఒక్కసారి కట్టిన ఇల్లు కాదు. మొదట్లో ఒక బురుజు మాత్రమే ఉండేది. నాలుగంతస్తులు, బారెడు మందం గోడలు, కిటికీల పేరుతో నాలుగు సందులు. చుట్టుపక్కల వాళ్ళు మీద పడి దోచుకుపోయే రోజులు కాబట్టి ప్రాణభయంతో కట్టుకున్న ఇల్లది. కింద పశువులు, పైన మనుషులు, మధ్యలో సుడి తిరిగే మెట్లు. భయం కాస్త తగ్గాక కొడుకో మనవడో పక్కనే పెద్ద భోజనాల హాలు కలిపాడు. ఆ తర్వాతి తరంలో ఎవడికో పట్నం పిల్ల పెళ్ళామై వచ్చిందేమో, ఇంటి ముందు భాగమంతా మార్చి, తలుపుకి ఎడమ పక్క ఎన్ని కిటికీలో కుడి పక్కా అన్నే ఉండేలా కొత్త ముఖం తొడిగారు. ఇంకా తర్వాతివాళ్ళు వాకిట్లో పోర్టికో, పక్కన మొక్కలకి అద్దాల గది, వెనకాల పనివాళ్ళు ఎవరి కంటా పడకుండా తిరగడానికి విడిగా మెట్లూ కట్టించారు. ఒక తరం కొట్టించిన కిటికీని ఇంకో తరం రాళ్ళతో మూసేసింది. అయినా ఎవరూ పాతదాన్ని కూల్చలేదు, దానికి ఆనించి తమది కట్టుకున్నారు. ఎక్కడ తాత ఆగాడో, ఎక్కడ మనవడు మొదలుపెట్టాడో గోడ చూస్తే తెలుస్తుంది. బురుజు మూలరాళ్ళు కింద నుంచి పైదాకా నిలువుగా ఒక గీత గీసినట్టు ఉంటాయి. కొత్త గోడ వచ్చి ఆ గీతని ఆనుకుంటుంది తప్ప అందులో కలవదు. ఆ నిలువు అతుకును చూసే ఆ ఇంటి వయసు చెబుతారు.

ఇంత చరిత్రా అర్బాబ్ తోటలో ఒకే కాంట్రాక్టరు చేతిలో, ఒకే లారీ సిమెంటుతో లేవాలి. లోపల అందరిళ్ళలో ఉండే కాంక్రీటు స్తంభాలే, పైన మాత్రం రాతి తొడుగు. ఆ రాయి కూడా మనలాగే ఇండియా నుంచి కంటైనర్లో వచ్చింది, రాజస్థాన్‌ది. పొగగొట్టాల లోపల ఏసీ పైపులు దాచాం. చలిమంట వేసుకునే గూట్లోంచి చల్లగాలి కొడుతుంది. ఖిబ్లా, అంటే నమాజు చేసే దిక్కు, వైపు తిరిగి కూర్చోకూడదు కాబట్టి మరుగుదొడ్లన్నీ పక్కకి తిప్పాం. అక్కడివాళ్ళు ఎండకి మొహం వాచి దక్షిణం వైపు పెట్టుకున్న కిటికీలని ఇక్కడ కూడా దక్షిణానికే పెట్టమన్నారు.

"ఇక్కడ ఆ ఎండకి లోపలి మనిషి అప్పడంలా వేగిపోతాడు సార్," అన్నాను.

"వేగితే కర్టెన్ వేసుకుంటారు. నువ్వు గీయమ్మా," అన్నాడు మేనేజరు. గీశాను. నెల జీతం తీసుకునేవాళ్ళకి అభిప్రాయాలుండటం కూడా ఒక రకం జబ్బే.

రాతి తొడుగు పని చేసే ముఠాకి పెద్ద, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రి. యాభైకి దగ్గర పడ్డ మనిషి. సగం జీవితం గల్ఫ్‌లోనే గడిచింది. మొదట మస్కట్, తర్వాత దుబాయ్, ఇప్పుడు ఇక్కడ. ముఠానంతా ఆయనే నడిపిస్తాడు కానీ కాగితాల్లో మాత్రం ఉత్త మేసన్. ఆ తేడా ఆయనకి కంట్లో నలుసులా ఉండేది. ఎందుకో ఒకరోజు చెప్పాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని రూలు కాబట్టి అందరం షెడ్డు నీడలో టీ తాగుతున్నాం.

"ఐడీల ఫోర్మన్ అని పడితె మా ఇంటామెను నెల విజిట్ వీసా మీద తోల్కరావచ్చు మేడం. మేసన్ అని ఉంటె మాఫీ అంటరు, లేదని. ఇయ్యరు."

"ఒక నెల కోసం ఇంత తాపత్రయమా అన్నా?"

"నెలైతేంది? పెండ్లయిన కాడికెల్లి దుబాయ్‌ల ఉన్న, దుబాయ్‌ల ఉన్న అని చెప్పుడే గని, ఈడ నేనేం జేస్తున్ననో ఆమెకేం ఎరుక? ఊర్లె మా సొంతిల్లు సుత నేను ఈడ ఉండంగ వేరేటోళ్ళు కట్టిన్రు. నా చేతుల గోడ ఒక్కటన్న ఆమె కండ్లతోటి సూడాలె. గంతే మేడం, ఇంకేం లేదు."

నాకది వింతగా తోచింది. పెళ్ళాన్ని గల్ఫ్ తీసుకొస్తే బంగారం దుకాణాలో, సముద్రమో చూపిస్తారు. ఈయన గోడ చూపిస్తాడట. నేను గీసిన ఇల్లు ఒక్కటైనా మా ఆయనకి చూపించాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆయనా అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కూర తరుగుతూ ఎందుకో ఆయన మీద విసుక్కున్నాను. పాపం, ఆయనకి కారణం తెలియదు.

ఫోర్మన్ కాగితం కదిపే అధికారం మేనేజరుది. "అర్బాబ్ వచ్చి బురుజు చూసి బాగుందంటే చాలు, నీ పని అయిపోయినట్టే," అని ఆయన మేస్త్రికి మాటిచ్చాడు. అంటే ఆ భార్య రావడమూ మానడమూ ఇప్పుడు బురుజు గోడ మీదకి వచ్చింది.

ఆ గోడ దగ్గరే మేస్త్రికీ నాకూ రోజూ తగువు. రాళ్ళు వంకర వరసల్లో పేర్చాలి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి ఉండాలి. తూకం గుండు వేలాడదీసి వెంట్రుక వాసి తేడా వస్తే రాయి పీకేసే మనిషికి అది నరకం. అన్నిటికన్నా ఆ నిలువు అతుకు ఆయనకి అస్సలు మింగుడు పడలేదు.

"రెండు గోడలు కల్సిన కాడ రంపం పండ్ల లెక్క ఇడువాలె మేడం. ఒక రాయి ఇటుకెల్లి అటు దూరాలె, ఇంకోటి అటుకెల్లి ఇటు దూరాలె. గిట్ల నిలువుగ ఇడిసిపెడితె సూసినోడేమంటడు? గీ మేస్త్రికి పని రాదంటడు."

"అలాగే కనబడాలి అన్నా. లోపల కాంక్రీటు ఉంది, ఏమీ పడిపోదు. ఇటుపక్కది తాత కట్టాడు, అటుపక్కది మనవడు కట్టాడు అని చూడగానే తెలియాలి."

"ఇద్దరేడున్నరు మేడం? రెండు నేనే కడ్తున్న గదా."

నక్షలో ఉంది, చెయ్యి అన్నాను. చేశాడు. చేసి, ఆ వైపు చూడకుండా తిరిగేవాడు.

ఈద్ సెలవులొచ్చాయి. సెలవుల తర్వాత మొదటి రోజే అర్బాబ్ వస్తాడని కబురు. నేను మా అమ్మాయిని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయాను. మేస్త్రి మాత్రం లేబర్ క్యాంపులో ఖాళీగా కూర్చోలేదు. సెలవు రోజుల్లో పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, దానికి ఓవర్‌టైం కూడా లేదు. ముఠాలో ఇద్దరిని బతిమాలి వెంటబెట్టుకుని సైటుకి వెళ్ళాడు. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు ఆ గోడని ముస్తాబు చేశాడు.

సెలవులయ్యాక పొద్దున్నే వెళ్ళి చూస్తే అతుకు లేదు. మనిషి నిలబడి చూస్తే కంటికి ఆనినంత ఎత్తు దాకా, పాత బురుజూ కొత్త గోడా రాయిలో రాయి దూరి ఒక్కటైపోయాయి. వంకర వరసలన్నీ సరళరేఖల్లా ఉన్నాయి. రాళ్ళు కడిగి తుడిచి మెరిపించాడు. నిజం చెప్పొద్దూ, ఆ గోడ అందంగా ఉంది. అంత శుభ్రమైన రాతిపని నేను ఖతర్‌లో వేరే చోట చూడలేదు. దాని పక్కన మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

ఏమైనా చేసే టైము లేదు. కార్లు వచ్చేశాయి. అర్బాబ్ బురుజు చుట్టూ ఒకసారి తిరిగాడు. కోప్పడలేదు. బొమ్మ పోగొట్టుకున్న పిల్లాడిలా మొహం పెట్టి, "పాతది ఏదీ?" అని మాత్రం అడిగాడు. ఇంకేమీ అనకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

కారు గేటు దాటేదాకా ఆగాడు మేనేజరు. తర్వాత ముఠా అందరి ముందూ మొదలుపెట్టాడు.

"ఎవడు ముట్టుకోమన్నాడురా దీన్ని?"

"మంచిగ జేసిన గదా సాబ్. సెలవుల వచ్చి చేసిన," అన్నాడు మేస్త్రి.

"మంచిగా చెయ్యమని నిన్నెవడడిగాడు? ఫోర్మన్ కావాలట ఫోర్మన్! నక్ష చూడటం రాని వెధవకి ఫోర్మన్ ఎందుకురా?"

తన కన్నా పెద్దవాణ్ణి. మాతృభాషలో. ఇంగ్లీషులో తిడితే ఆ ముఠాలో సగం మందికి అర్థమయ్యేది కాదు, ఆ మాత్రం మర్యాద కూడా దక్కనివ్వలేదు. పరాయి దేశంలో మనవాడు కనబడితే ప్రాణం లేచొస్తుందంటారు. నాకైతే ఆ రోజు నుంచి మనవాడు కనబడితే జాగ్రత్త పడాలనిపిస్తుంది.

మధ్యాహ్నం మేనేజరు గదికి వెళ్ళాను. "అతుకు మళ్ళీ తీయించొచ్చు సార్, పెద్ద పనేం కాదు. మేస్త్రి కాగితం మాత్రం ఆపకండి," అన్నాను.

"నీకెందుకమ్మా అంత ఇది? మీ ఊరివాడా?"

"కాదు."

"మీవాళ్ళా?"

"కాదు సార్."

"మరి?" అన్నాడు. ఆ 'మరి'కి మనవాళ్ళ దగ్గర ఊరూ కులమూ తప్ప ఇంకో జవాబు చెల్లదు. లేచి వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

గోడ విప్పే పని మేస్త్రి ఇంకెవరికీ ఇవ్వలేదు. తనే సుత్తి పట్టుకున్నాడు. రాయి తర్వాత రాయి ఊడదీసి, మళ్ళీ నిలువు అతుకు పెట్టాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఇగ జెప్పుండ్రి మేడం. ఇంకేమేం పాడు జెయ్యాలె?" అని అడిగాడు. గొంతులో వెటకారం లేదు. నిజంగానే నేర్చుకోవడానికి వచ్చాడు.

నాకు మాత్రం ఏం తెలుసు? పుస్తకాల్లో చూసీ, వీడియోల్లో చూసీ చెప్పాను. రాళ్ళ అంచులు సుత్తితో చిదిపించాను. టీ డికాషన్ డ్రమ్ములో కాచి గోడకి పూయించాను. పెరుగు రాస్తే నాచు పడుతుందని ఎక్కడో చదివి అదీ చేయించాను. ఉమ్ సలాల్ ఎండకి నాచు రాలేదు కానీ పక్క దొడ్డిలో మేకల మీది ఈగలన్నీ వచ్చాయి. ముఠా కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. రెండు రకాల రంగులు కలిపి తనే నాచు తయారు చేశాడు. తుప్పు నీళ్ళు పట్టుకొచ్చి, కిటికీ చువ్వల కింద ఎన్నో వానలకి కారినట్టు చారలు దించాడు. వానే పడని దేశంలో ఆ చారలు చూసి నేనే మోసపోయాను. మూసేసిన కిటికీ ఒకటి కట్టాడు, వెనకాల ఎన్నడూ కిటికీ లేని చోట. ఒక తరానికీ ఇంకో తరానికీ రాయి రంగు మార్చాడు. మనిషికి పని రావడం అంటే అదే, చెడగొట్టమన్నా బాగా చెడగొడతాడు. తూకం గుండు మాత్రం ఆ తర్వాత ఆయన చేతిలో నేను చూడలేదు.

చలికాలం మొదట్లో అర్బాబ్ మళ్ళీ వచ్చాడు. తుప్పు చార మీద వేలు పెట్టి రాసి, "మాషా అల్లా" అన్నాడు. అతుకు దగ్గర నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఎవరు చేశారని అడిగితే "మా టీమ్" అన్నాడు మేనేజరు. ఎలాగైతేనేం, కాగితం కదిలింది. మేస్త్రి ఐడీలో ఫోర్మన్ అని పడింది. ఆ రోజు ఆయన దోహాలో నజ్మా పేటలోని తెలుగు మెస్సు నుంచి ముఠా అందరికీ బిర్యానీ తెప్పించాడు. నాకూ ఒక పొట్లం కట్టించాడు.

ఇల్లు అప్పజెప్పేశాం. అర్బాబ్ స్నేహితులు వస్తే ఆయనే దగ్గరుండి తిప్పుతూ, ఇది మొదటి బురుజు, ఇది తర్వాత కలిపిన హాలు, ఇది ఆ తర్వాతి తరానిది అని చెప్పేవాడట. చెప్పగా చెప్పగా ఆయనకి కూడా అది నిజమే అనిపించి ఉంటుంది. ఏ వంశపు తరాలని అడిగే అతిథి ఎవరూ వచ్చినట్టు లేదు.

మరుసటి చలికాలానికి మేస్త్రి భార్య వచ్చింది. నజ్మాలో ఒక గది నెలకి తీసుకున్నాడు. ఇప్పుడు ఆయనకి ఆ ఇంటి గేటు దాటే అనుమతి లేదు. నేను చిన్నా చితకా రిపేర్ల పేరుతో అప్పుడప్పుడు వెళ్తుండేదాన్ని కాబట్టి, కాపలా అతన్ని అడిగి, ఇంట్లోవాళ్ళు లేని ఒక శుక్రవారం సాయంత్రం వాళ్ళిద్దరినీ నా కారులో తీసుకెళ్ళాను. ఆవిడ నాకోసం ఊరి నుంచి సకినాలు తెచ్చింది. సన్నటి మనిషి, నోరు చురుకు. దారి పొడుగునా మేడలు చూసి "దుబాయ్ మంచిగనే ఉన్నది" అంటూ వచ్చింది. "దుబాయ్ గాదే, ఖతర్," అన్నాడు ఆయన. "మాకైతే అన్ని దుబాయే. ఏడికి పోయినా నువ్వు ఇంట్లైతె లేవు గదా," అంది.

ఆయన ఆ రోజు ఆగకుండా మాట్లాడాడు. రాయి ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత బరువుంటుందో, పరంజా ఎంత ఎత్తు కట్టారో, అన్నీ. కారు దిగి, లాన్ దాటి, బురుజు ముందు నిలబెట్టి, "గిదే," అన్నాడు.

"గిదా?"

"గిదే. గీ బురుజు మొత్తం. గీ రాళ్ళన్ని నా చేతుల మీదికెల్లే పోయినయి."

ఆవిడ దగ్గరికి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టింది. నల్లబడ్డ రాళ్ళు చూసింది, చిదిగిన అంచులు చూసింది, తుప్పు చారలు చూసింది. తల ఎత్తి నాలుగంతస్తులూ చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నేను సదువుకోలేదు గని గుడ్డిదాన్నైతే గాదయ్యా. గిది ఎన్నటిదో. మా అమ్మమ్మోళ్ళ ఊర్ల దొర గడీ గిట్లనే ఉంటుండె. మా తాత గా గడీలనే వెట్టికి పోయిండు. గసొంటివి కట్టినోళ్ళు ఎప్పుడో మన్నుల కల్సిన్రు. నువ్వు గట్టినవా?"

"పాతగ కనవడేటట్టు కట్టినం. గట్లనే కట్టుమన్నరు."

"పైస పెట్టి కొత్తిల్లును పాతగ కట్టుమని ఎవలన్న అంటరా?"

ఆయన నా వైపు చూశాడు. "నిజమే వదినా, ఆయనే కట్టాడు. నేను దగ్గరుండి చూశాను," అన్నాను. నా మాట నాకే అబద్ధంలా వినబడింది. ఆవిడ నా మొహంలోకి చూసి మర్యాదగా నవ్వింది. "మీరు మంచోళ్ళమ్మా," అంది. మొగుడి పరువు కాపాడుతున్నాననుకుంది.

నేను నాలుగడుగులు పక్కకి వెళ్ళి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాను. అయినా వినబడింది. ఆవిడ కోపంగా అడగలేదు. చాలా మెల్లగా, పిల్లాణ్ణి బుజ్జగించినట్టు అడిగింది.

"గిన్నేండ్లు ఈడ ఏం జేసినవో నిజం జెప్పు. నేనేమనను."

ఆయన గోడకి వీపు తిప్పాడు.

"సిమెంటు బస్తాలు మోసిన," అన్నాడు.

ఆ మాట ఆవిడ వెంటనే నమ్మింది.